ఓలె కుడుములు, బందరు పద్ధతి

ఆ రోజు పొద్దున లేస్తూనే నాచ్చియార్ అనుకున్న పని ఒక్కటే. జ్వరం నుంచి లేచి ఇంటి ముందరి తిణ్ణె మీద కూర్చున్న అతిథికి నోటికి హితవుగా ఓలె కుడుములు చేసి పెట్టాలి. అంతకు మించి ఆమె మనసులో ఏమీ లేదు. ఆ కుడుముల వల్ల కార్తిక దీపం నాటికి వీధి రెండుగా చీలుతుందని గాని, మొగుడి ఎద్దూ తమ్ముడి ఎద్దూ వేరువేరు కొట్టాల్లో నిలబడి ఒకదాని కోసం ఒకటి అరుస్తాయని గాని ఆమె కలలో కూడా అనుకోలేదు.

తిరుమంగళానికి పడమటగా నల్లరేగడి నేలల్లో ఉన్న ఆ ఊళ్ళో ఒక వీధి వీధంతా తెలుగువాళ్ళే. ఎన్నో తరాల కిందట వాళ్ళ పెద్దలు ఉత్తరం నుంచి నడిచి వచ్చి, అడవి కొట్టి, సేద్యం మొదలుపెట్టారు. ఆ తరువాత మదురలో నాయకుల రాజ్యం పోయింది, నవాబు పెత్తనం పోయింది, ఇప్పుడు కుంపిణీ దొరలు వచ్చి కనిపించిన నేలనల్లా గొలుసుతో కొలిపిస్తున్నారు. ఇంట్లో తెలుగు మాత్రం పోలేదు. సంతలో అరవం, ఇంట్లో తెలుగు, కోపం వస్తే రెండూ. ఇంత అభిమానం ఉన్నా, తెలుగు సీమ నుంచి వచ్చిన మనిషిని కళ్ళారా చూసినవాళ్ళు ఆ వీధిలో ఒక్కరు కూడా లేరు.

అలాంటి వీధిలోకి అంకయ్య నాయుడు వచ్చాడు. వచ్చాడనడం కంటే పడ్డాడనడం నిజం. అతనిది బందరు. నేల కొలిచే కుంపిణీ దండులో చిన్న ఉద్యోగి. ఊరి పొలిమేరలో చలిజ్వరం తగిలి కూలబడిపోతే, దండు తిరుమంగళం వైపు సాగిపోయింది. పొలం నుంచి వస్తున్న నాచ్చియార్ మొగుడు సీతారామ నాయక్కరు అతన్ని బండిలో వేసుకుని ఇంటికి తెచ్చాడు. జ్వరం మత్తులో ఆ కుర్రవాడు కళ్ళు మూసుకునే, "అమ్మా, మంచినీళ్ళు" అన్నాడు.

నాచ్చియార్ చెంబుతో పరిగెత్తుకొచ్చింది. ఇప్పుడు వీధిలో అందరూ తణ్ణి అనే అంటారు; మంచినీళ్ళు అనే మాట ఆమె చివరిసారి విన్నది చనిపోయిన అవ్వ నోట. ఆ క్షణం నుంచి అంకయ్య ఆమె కొడుకే అయ్యాడు. గంజి కాచింది, కషాయం తాగించింది, నుదుట తడిగుడ్డ మార్చింది. జ్వరం దిగాక ఒక సాయంత్రం ఆమె మనవరాలిని ఊపుతూ, "కిట్నమ్మ దాటొస్తి, నా తల్లీ, నిన్నెత్తుకొని దాటొస్తి" అని పాడుతుంటే అంకయ్య లేచి కూర్చున్నాడు.

"కిట్నమ్మ అంటే మా కృష్ణేనమ్మా! చిన్నప్పుడు అందులో ఈతలు కొట్టాను," అన్నాడు.

పాటలో తప్ప ఎక్కడా లేదనుకున్న ఏట్లో నిజంగా ఈత కొట్టిన మనిషి తన తిణ్ణె మీద కూర్చున్నాడు. నాచ్చియార్‌కు మనవరాలిని ఊపే ధ్యాసే లేకపోయింది. ఇంతటివాడికి ఏం పెడితే రుణం తీరుతుంది? దీపం పండగకు చేసే ఓలె కుడుములు ముందుగానే చేసి పెడదామని ఆ రాత్రే బియ్యం నానబోసింది.

తాటాకును అక్కడివాళ్ళు ఓలె అంటారు. పిండి దోరగా వేయించి, తాటిబెల్లం పాకంలో కలిపి, వేయించిన పెసలూ కొబ్బరీ వేసి ముద్ద చేసింది. లేత ఓలెను జానెడు ముక్కలుగా కోసి, ఈనె తీసి, దొన్నెలా మడిచి, అందులో ముద్ద పెట్టి, నారతో కట్టి, కుండలో ఆవిరికి పేర్చింది. కాసేపటికి ఇల్లంతా పచ్చి తాటాకు వాసనా బెల్లం వాసనా కలిసి గుమ్మన్నాయి. ఆ వాసన పక్కింటి వల్లియమ్మ మేకకు కూడా తెలుసు. విప్పి పారేసిన ఓలెలన్నీ దాని వంతు. అది అప్పుడే వచ్చి దొడ్డి కంచె దగ్గర నిలబడింది.

తిణ్ణె మీద విస్తరి వేశారు. ఆ ఇంటి పద్ధతిలో అతిథి నోట పెట్టుకోనిదే ఇంటివాళ్ళు చెయ్యి కదపరు. బందరు పద్ధతిలో పెద్దలు మొదలుపెట్టనిదే చిన్నవాళ్ళు తినరు. అందుచేత సీతారామ నాయక్కరూ అంకయ్యా ఎదురెదురుగా కూర్చుని, కుడుముల వైపు చూస్తూ, చాలాసేపు ఒకరికొకరు మర్యాద చేసుకున్నారు.

"తిను నాయనా, ఆరిపోతే బాగుండదు," అంది నాచ్చియార్.

అంకయ్య పొట్లాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "అమ్మా, ఈ ఆకు..."

"ఓలెనా? రుచంతా ఓలెలోనే ఉండాది నాయనా! ఓలె లేకుంటే అది వట్టి పిండి."

అంకయ్య తల ఊపాడు. పొట్లాన్ని కళ్ళకద్దుకున్నాడు. ఓలెతో సహా కసుక్కున కొరికాడు.

సీతారామ నాయక్కరు చప్పున నాచ్చియార్ వైపు తిరిగాడు. అంకయ్య నమిలాడు. చాలాసేపు నమిలాడు. దవడలు పైకీ కిందికీ, ఆ తరువాత పక్కలకీ ఆడాయి. కట్టిన నార కూడా లోపలికి పోయింది. చివరికి కళ్ళు గట్టిగా మూసుకుని మింగాడు. తెరిచిన కళ్ళ నిండా నీళ్ళున్నాయి.

"ఎట్ల ఉండాది నాయనా?" అంది నాచ్చియార్.

"ఇలాంటిది... నా జన్మలో తినలేదమ్మా."

"ఇంకొకటి?"

అంకయ్య ఒక్క క్షణం ఆకాశం వైపు చూశాడు. "మీరు పోసిన గంజి తాగి బతికినవాణ్ణి. మీరు పెడతానంటే నేను వద్దంటానా?"

రెండోదీ ఓలెతోనే పోయింది.

మొగుడూ పెళ్ళాలు ఏదో పని ఉన్నట్టు వంటింట్లోకి వెళ్ళి తలుపు దగ్గరకు వేసుకున్నారు.

"ఏమే, ఓలెతో తినేసె!" అన్నాడు సీతారామ నాయక్కరు గుసగుసగా.

"చూస్తిని."

"జ్వరం తలకు ఎక్కిందేమో?"

"జ్వరం దిగి ఎన్నాళ్ళాయె! నుదురు చల్లగానే ఉండాది. కళ్ళలో నీళ్ళు చూస్తిరా మీరు? వాళ్ళ అమ్మ చేతి కుడుములు జ్ఞాపకం వచ్చి ఉంటాది, పావం."

సీతారామ నాయక్కరు గోడకు ఆనుకుని ఆలోచనలో పడ్డాడు. ఆయన ఆలోచిస్తే పెద్ద విషయమే తేలుతుందని వీధిలో పేరు. "అట్లయితే," అన్నాడు కొంతసేపటికి, "మన సీమలో ఓలెతోనే తింటారు. మనమే ఇంత దూరం నడిచొచ్చి, దారిలో ఎక్కడో పద్ధతి మరిచిపోతిమి."

నాచ్చియార్ లెక్క వేసుకుంది. ఎన్ని తరాలు! ఎన్ని పండగలు! కుడుములో రుచంతా దేనిలో ఉందని నోటితో చెప్పుకుంటూనే దాన్ని విప్పి మేకకు వేశారు. ఇప్పుడు ఆ కుర్రవాడి ఎదుట కూర్చుని ఓలె విప్పి పారేస్తే ఏమనుకుంటాడు? వీళ్ళేం తెలుగువాళ్ళు అనుకోడూ?

"పదండి," అంది. "ఆయన చూసేటట్టు తినాల."

ఇద్దరూ తిణ్ణె మీదికి వచ్చి అంకయ్య ఎదుట చెరొక కుడుమూ ఓలెతో సహా కొరికారు. నాచ్చియార్ మొదట బెల్లం రుచి చూసింది. ఆ తరువాత మిగిలింది ఒట్టి నార. అది ఎంత నమిలినా తరగదు, మింగుదామంటే గొంతు ఒప్పుకోదు. చెంబుడు నీళ్ళు తాగి లోపలికి తోసింది. సీతారామ నాయక్కరు మాత్రం గట్టి పండ్లవాడు కాబట్టి పట్టుదలగా నమిలి మింగి, "సీమ రుచే వేరు," అన్నాడు. అంకయ్య వాళ్ళ వైపు గౌరవంగా చూసి, ఏదో అనుమానం తీరిపోయినవాడిలా తల వంచి, మూడోదాన్ని అందుకున్నాడు.

లోపలి నుంచి ముసలి సుబ్బమ్మాళ్ కేక పెట్టింది. ఆమె సీతారామ నాయక్కరుకు తల్లి. నోట్లో ఒక్క పన్ను లేదు గాని చెవులు మాత్రం పదునైనవి. "నేను ఈ ఇంటి పెద్దని! సీమ పద్ధతి నాకు లేదా?" అంది. చేసేదేమీ లేక నాచ్చియార్ నాలుగు ఓలెలను రోట్లో వేసి దంచింది. ఎంత దంచినా అది పీచే అయింది గాని పిండి కాలేదు. దాన్ని కుడుములో కలిపి అత్త నోట పెట్టింది. సుబ్బమ్మాళ్ చాలాసేపు చప్పరించి, "చాప తిన్నట్టు ఉండాది," అంది.

"మన పెద్దలు తిన్నదే అత్తా," అంది నాచ్చియార్ మెల్లగా.

"పెద్దలు ఏంటికి సచ్చిరో ఇప్పుడు తెలిసె."

ఇంతలో దొడ్డివైపు నుంచి వల్లియమ్మ వచ్చింది. ఆమె అరవావిడ. నాచ్చియార్ కాపురానికి వచ్చిన నాటి నుంచీ ఇద్దరికీ కంచె మీదుగా ఇచ్చిపుచ్చుకోవడాలున్నాయి. "ఏండీ నాచ్చియా, కొళుకట్టె వాసన వస్తే మేకను అవుత్తు విట్టేన్. ఓలై ఎంగడీ?" అంది ఆమె, అరవమూ తెలుగూ కలిపి. కుడుముల వాసనకు మేకను విప్పేశాను, ఓలెలెక్కడ అని.

"ఓలె లేదు. తింటిమి."

"ఎవరు?"

"మేమే. మా సీమ పద్ధతి. పళక్కం అది."

వల్లియమ్మ ఆమె మొహంలోకి ఒకసారి, మేక మొహంలోకి ఒకసారి చూసింది. మేకను తోలుకుని వెళ్ళిపోయింది. ఆమె నీళ్ళకు బావి దాకా వెళ్ళి వచ్చేసరికి వీధి వీధంతటికీ సంగతి తెలిసిపోయింది.

మొట్టమొదట పరిగెత్తుకొచ్చినవాడు నాచ్చియార్ తమ్ముడు ముత్తుకృష్ణ. అతనికీ బావకూ కలిపి ఒకే ఒక్క రేగడి చెక్క, చెరొక ఎద్దు. రెండు ఎద్దుల్ని కలిపి కట్టి ఇద్దరూ కలిసి దున్నుకుంటారు. ఆ ఏడు ఆలస్యంగానైనా మంచి వాన పడింది. నేలలో తేమ ఉండగానే శనగలు చల్లాలి. ముత్తుకృష్ణ నిజానికి ఆ మాట మాట్లాడటానికే రావలసినవాడు. కానీ వచ్చింది అందుకు కాదు.

"అక్కా, సీమ మనిషి ఓలెతో తిన్న్యాడంట. నాకు ఒక మాట చెప్పలేదే నువ్వు!"

"ఇప్పుడే కదరా తెలిసె."

"మీకు ఇప్పుడు తెలిసె. నాకు ఎప్పుడో తెలుసు. మన తాత ఓలెతోనే తినేది. నా కండ్లారా చూస్తిని." ముత్తుకృష్ణ గుమ్మంలో నిలబడి గొంతు పెంచాడు. "అదీ ఈనెతో సహా!"

నాచ్చియార్ నివ్వెరపోయింది. తాత పోయేనాటికి తమ్ముడు పాలు తాగే పసివాడు.

"ఈనెతోనా?" సీతారామ నాయక్కరు నవ్వాడు. "మా ఇంట్లో ఆయన తిన్నది ఈనె తీసిన ఓలె, బావమరిదీ. బందరు మనిషే తిన్న్యాక ఇంకేమి మాట?"

"మీరు ఈనె తీసి పెడితిరి. ఆయన మర్యాదకు ఊరుకునె. ఈనె తీసేది పండ్లు లేనోళ్ళకు."

లోపలి నుంచి సుబ్బమ్మాళ్, "ఎవడ్రా అది?" అంది.

మర్నాడు ముత్తుకృష్ణ తన ఇంట్లో ఈనె తీయని ఓలెలతో కుడుములు చేయించి అంకయ్యను విందుకు పిలిచాడు. అంకయ్య నాచ్చియార్ వైపు చూశాడు. తమ్ముడు పిలిస్తే వెళ్ళకపోతే అక్కకు చిన్నతనం కదా అని ఆమె పంపింది. అతను తిరిగి వచ్చేసరికి ఒక దవడ వాచి ఉంది. "ఎట్ల ఉండె నాయనా?" అని అడిగితే, "మీ వాళ్ళందరూ ఎంత మంచివాళ్ళమ్మా," అని మాత్రం అన్నాడు.

ముత్తుకృష్ణ వీధి చివర నిలబడి, సీమ మనిషి ఈనెతో తిన్నాడని చాటాడు. సీతారామ నాయక్కరు వీధి మొదట నిలబడి, మొట్టమొదట తిన్నది ఈనె లేకుండానే అని చాటాడు. మధ్యలో ఉన్న ఇళ్ళవాళ్ళు కొందరు ఇటు, కొందరు అటు చేరారు. ప్రతి ఇల్లూ తమ పక్షానికి సాక్ష్యంగా అంకయ్యను విందుకు పిలిచింది. బతికించిన ఊరు పిలుస్తుంటే కాదనలేక అతను వెళ్ళిన చోటల్లా ఓలె తిన్నాడు. జ్వరంలో ఉన్నప్పటి కంటే ఎక్కువ చిక్కిపోయాడు. వీధిలో పిల్లలు కడుపునొప్పి అన్నారు, పెద్దలు అనలేదు. తాటిచెట్లు ఎక్కే ఈశ్వరన్ అనే ఆయన, చెట్లకు లేత మొవ్వులే మిగలడం లేదని, ఇలా అయితే వచ్చే ఏడు ఇళ్ళ కప్పులకు ఆకు ఉండదని మొత్తుకున్నాడు. వల్లియమ్మ మేక రోజంతా వీధిలో తిరుగుతూ ఇంటింటి ముందూ నిలబడి అరిచింది.

ఇదంతా నవ్వుకోవడానికి బాగానే ఉండేది, ఎద్దుల దాకా రాకపోతే. ఒక పొద్దున ముత్తుకృష్ణ వచ్చి కాడి నుంచి తన ఎద్దును విప్పుకున్నాడు.

"ఈనె తీసేవాళ్ళతో నాకు పొత్తు లేదు."

"నీ తాత పేరు చెప్పుకొని నువ్వే దున్నుకో పో!" అన్నాడు సీతారామ నాయక్కరు.

ఒక్క ఎద్దుతో నాగలి కదలదు. రేగడి చెక్క వాన తాగి, దున్నేవాడి కోసం ఎదురుచూసి, పైన పైన ఎండి పలకలు విచ్చడం మొదలుపెట్టింది. విత్తనపు శనగలు గంపలోనే ఉన్నాయి. నాచ్చియార్ దొడ్లోకి వెళ్ళేసరికి ఎద్దు మేత ముట్టకుండా తమ్ముడి ఇంటివైపు మెడ చాచి అరుస్తోంది. అటు నుంచి రెండోది జవాబు చెబుతోంది. ఆమె దాని గంగడోలు నిమురుతూ ఏడ్చింది. ఒకరికి మంచి చేద్దామనుకుంటే ఇదేమిటి? తనకు వచ్చింది అతిథి రుణం తీర్చుకోవాలన్న ఆలోచన ఒక్కటే. ఈ ఏడు పంట పోతే తమ్ముడి పిల్లలూ తన పిల్లలూ కలిసే పస్తుంటారు. ఈనెతో ఉన్నవాళ్ళూ, ఈనె లేనివాళ్ళూ.

పండగ రోజున ఆమె ఒక నిర్ణయానికి వచ్చింది. మర్నాడు అంకయ్య తిరుమంగళం బండి ఎక్కి దండులో కలుస్తాడు. ఆ లోపల అందరి ఎదుటా అతన్నే అడగాలి. అతను ఏది చెబితే అదే పద్ధతి. తన ఇల్లు ఓడిపోయినా సరే, ఎద్దులు కలవాలి.

సాయంత్రం వీధి అంతటా దీపాలు పెట్టే వేళకు నాచ్చియార్ ఇంటి ముందు పందిట్లో అందరూ చేరారు. ముత్తుకృష్ణ తన వాళ్ళతో ఒక పక్క, సీతారామ నాయక్కరు తన వాళ్ళతో ఒక పక్క. మధ్యలో పీట మీద అంకయ్య. అతని ఎదుట రెండు పళ్ళేలు. ఒక దానిలో ఈనె ఉన్న కుడుములు, ఒక దానిలో లేనివి. వాటిని చూసి అంకయ్య మొహం పాలిపోయింది.

"అంకయ్యా," అంది నాచ్చియార్ చేతులు జోడించి, "మేము ఎప్పుడో వచ్చినోళ్ళము. మాకు సగం తెలుసు, సగం తెలవదు. నువ్వు సీమలో పుట్టినవాడివి. నిజం చెప్పు నాయనా. బందరులో ఓలెను ఈనెతో తింటారా, ఈనె తీసి తింటారా?"

అంకయ్య ఆమె వైపు చూశాడు. ఆ పక్కా ఈ పక్కా చూశాడు. "దేన్నమ్మా?"

"ఓలెను."

"బందరులో," అన్నాడు అంకయ్య నెమ్మదిగా, "ఓలె ఎవరు తింటారమ్మా?"

ముత్తుకృష్ణ తన పళ్ళెం వైపు చూశాడు, సీతారామ నాయక్కరు తన దాని వైపు చూశాడు.

"మరి నువ్వు తింటివే!" అన్నాడు సీతారామ నాయక్కరు.

"అది మీ పద్ధతి కదా అని తిన్నానండీ! మొదటి రోజు ఈ ఆకు ఏం చెయ్యాలని అడగబోతే, రుచంతా ఓలెలోనే ఉంది, ఓలె లేకపోతే వట్టి పిండి అని అమ్మగారే చెప్పారు. ఆ తరువాత మీరిద్దరూ నా ఎదుటే తిన్నారు. ఊరంతా తింటోంది. నన్ను దారి మీద నుంచి ఎత్తుకొచ్చి బతికించినవాళ్ళు తింటుంటే, ఆకు తీసేసి తిని మిమ్మల్ని అవమానించమంటారా?" అతను దవడ తడుముకున్నాడు. "నా పొట్ట ఏమైనా సరే, మీ మనసు నొప్పించకూడదనుకున్నాను."

అందరి కళ్ళూ నాచ్చియార్ మీదికి తిరిగాయి. ఆమె మొదటి రోజు పొద్దున తను అన్న మాట గుర్తు తెచ్చుకుంది. ఆవిరిలో ఓలె వాసన పిండికి పడుతుందన్న అర్థంలో వాళ్ళ వీధిలో అందరూ అనే మాటే అది. తిని మింగమని చెప్పే మాట కాదు. మొదట ఆమెకు సిగ్గేసింది. ఆ తరువాత, వాచిన దవడతో, ఇంటింటికీ వెళ్ళి, కళ్ళు మూసుకుని మింగుతూ, బాగుందమ్మా అన్న ఆ కుర్రవాడి మొహం చూస్తుంటే నవ్వు వచ్చింది. ఆపుకోవాలని కొంగు అడ్డం పెట్టుకుంది. ఆగలేదు. ఆమె నవ్వితే సుబ్బమ్మాళ్ నవ్వింది. పన్ను లేని ఆ నవ్వు చూసి పందిరంతా నవ్వింది. ముత్తుకృష్ణ ఒక్కడే నవ్వకుండా కొంతసేపు నిలబడి, ఇక వల్ల కాక అతనూ కూలబడి నవ్వాడు.

"నా బిడ్డా," అంది నాచ్చియార్ కళ్ళు తుడుచుకుంటూ, "మా కోసం ఇంత నార మింగితివా!"

"మీరు కూడా నా కోసమే మింగారు కదమ్మా."

సీతారామ నాయక్కరు మాత్రం ఆలోచనలో పడ్డాడు. "సరి, అది పోనీ. బందరులో ఓలె విప్పే తింటారా మరి?"

అంకయ్య కొంచెం తటపటాయించాడు. "బందరులో అసలు ఈ కుడుమే లేదండీ. మా అమ్మ కుడుములు చేస్తుంది గాని, కుండ మూతికి గుడ్డతో వాసెన కట్టి ఆవిరి మీద వేస్తుంది. తాటాకు మాకు ఇల్లు కప్పడానికే. దానిలో పిండి చుట్టి ఉడికించడం నేను ఇక్కడే చూశాను."

ఈసారి ఎవరూ నవ్వలేదు. పెద్దలు ఉత్తరం నుంచి మూట కట్టుకుని మోసుకొచ్చిందని ఇన్నాళ్ళూ అనుకున్న పండగ తిండి అక్కడిది కానే కాదు. "అట్లయితే మనకు ఎవరు నేర్పిరి?" అన్నాడు సీతారామ నాయక్కరు, ఎవరినీ అడగనట్టు.

నాచ్చియార్ తల తిప్పి చూసింది. దొడ్డి కంచె అవతల వల్లియమ్మ ఇంట్లోనూ దీపాలు వెలిగాయి. పొయ్యి మీద కుండ మూత సందుల్లోంచి ఆవిరి లేస్తోంది. అదే వాసన. ఇన్నేళ్ళుగా పండగ పండగకూ రెండు ఇళ్ళ నుంచీ ఒకే వాసన వస్తుంటే, పక్కింటివాళ్ళు తమను చూసి నేర్చుకున్నారనే ఆమె అనుకునేది. ఎంత అహంకారం! ఆమె కళ్ళ ముందు ఎప్పుడో గడిచిన ఒక సాయంత్రం కదిలింది. బిడ్డల్ని చంకనేసుకుని, కాళ్ళు పుండ్లు పడి, తినడానికి ఏమీ లేక, మాట తెలియని ఊరి పొలిమేరలో కూలబడ్డ మనుషులు. ఎవరో ఒక ఆడమనిషి ఇంట్లోంచి వేడివేడిగా ఓలె పొట్లాలు తెచ్చి వాళ్ళ చేతుల్లో పెట్టి ఉంటుంది. పేరు అడిగి ఉండదు, ఊరు అడిగి ఉండదు.

"పావం, ఆ రోజు మన పెద్దలు ఏమి చేసి ఉంటారు?" అంది ఆమె పైకే.

"ఏమి చేస్తారు?" అన్నాడు సీతారామ నాయక్కరు. "ఆకలి మీద ఉండారు, భాష తెలవదు. ఓలెతోనే కొరికి ఉంటారు."

ముత్తుకృష్ణ ఒక్క ఉదుటున లేచాడు. "చూడు బావా! నేను చెప్తిని కదా, మన తాత ఓలెతోనే తినేదని! ఈనె ఎవరు తీసిచ్చి ఉంటారు ఆ రోజు?"

"సరిలే, నువ్వే గెలిస్తివి. రేపు ఎద్దును తెస్తావా, లేదా?"

"రేపేంటికి? ఇప్పుడే తోలుకొస్తాను. అది మేత ముట్టక మూడు పూటలాయె."

నిజంగానే ఆ దీపాల వెలుగులో ముత్తుకృష్ణ తన ఎద్దును తోలుకొచ్చి బావ కొట్టంలో కట్టాడు. రెండు ఎద్దులూ మూతులు ఆనించుకుని నిలబడ్డాయి. పందిట్లో అందరూ కూర్చుని, ఓలెలు విప్పి, నెమ్మదిగా, మాటలాడుకుంటూ కుడుములు తిన్నారు. ఎవరి దవడా నొప్పి పుట్టలేదు. అంకయ్య విప్పిన కుడుమును మొదటిసారి నోట పెట్టుకుని, నమలడం ఆపి, నాచ్చియార్ వైపు చూశాడు. ఈసారి అతని కళ్ళలో నీళ్ళు నార వల్ల వచ్చినవి కావు.

"అమ్మా," అన్నాడు, "ఇది ఇంత బాగుంటుందా?"

మర్నాడు తెల్లవారుజామునే బావా బావమరదులు నాగలి భుజాన వేసుకుని రేగడికి వెళ్ళారు. పై మన్ను ఎండినా, లోపల తేమ ఇంకా ఉంది. అంకయ్యను తిరుమంగళం బండి ఎక్కించాక నాచ్చియార్ మిగిలిన కుడుముల్లో మంచివి ఏరి పళ్ళెంలో పెట్టుకుని, కంచె మీదుగా అందించకుండా, వీధి గుమ్మం నుంచి వల్లియమ్మ ఇంటికి వెళ్ళింది. తలకు నూనె రాసుకుంటూ కూర్చున్న వల్లియమ్మ, ఇదేమిటి కొత్తగా ఇటు వచ్చావన్నట్టు చూసింది.

"వల్లీ," అంది నాచ్చియార్, పళ్ళెం రెండు చేతులా పట్టుకుని, "మా పెద్దలు ఆకలితో వచ్చిన రోజు మీ పెద్దలు ఈ కొళుకట్టె పెట్టి ఉంటారు. మాకు ఇన్నాళ్ళూ తెలవకపోయె. ఒక్కరు కూడా మీకు చేతులెత్తి నన్రి చెప్పలేదు. అందుకే వస్తిని."

వల్లియమ్మకు ఇదంతా ఏమిటో సరిగ్గా అర్థం కాలేదు. అయినా పొట్లం ఒకటి తీసి, విప్పి, ఓలెను మేకకు వేసి, కుడుమును కొరికి, కళ్ళు సగం మూసి, చాలాసేపు నిదానంగా రుచి చూసింది.

"పెట్టింది సరి," అంది చివరికి. "శొంఠి పొడి కూడా వెయ్యమని చెప్పి ఉంటారే. అది ఏన్ మరిచిపోతిరి?"